వజ్రమును చెఱుపక చదువుట



నేటి ప్రసంగమునకు వస్తువు వజ్రము. కర్నూలు, కడప సీమలవారికి వజ్రమును గూర్చి పరులు వచ్చి చెప్పవలసిన దేమున్నదని మీలో కొందరు నవ్వుకొనవచ్చును. తొలకరి వానలు రెండు పడి, పైమన్ను కొట్టుకొనిపోయి, గులకరాళ్ళు తేలగనే తుగ్గలి, జొన్నగిరి, పగిడిరాయి, మద్దికెర ప్రాంతముల చేలలో జనులు తలలు వంచుకొని నడచుట మీరెఱుగనిది కాదు. పొరుగు జిల్లాలనుండియు వచ్చి, చెట్లనీడలను, గుడిమండపములను బసచేసి, దినమెల్ల నేలవంక చూచుచు తిరుగువారును కలరు. ఒక్కనికి రాయి దొరకును. వేయిమందికి మెడనొప్పి దక్కును. రాయి దొరికినవాడైనను దాని విలువ తానెఱుగడు, ఎఱిగినవాడు కొనువాడొక్కడే. ఈ బేరములోని కష్టమంతయు ఒక్క చిక్కులో నిమిడియున్నది. రాతిలోపల నేమున్నదో రాతిని చెఱుపకుండ తెలిసికొనుట యెట్లు?

ఈ చిక్కే, కొంచెము వేషము మార్చుకొని, ఈ కాలపు భౌతికశాస్త్రజ్ఞుల ముందును నిలిచినది. వారు వెదకునది రాతి వెల కాదు. రాతిలో నొక్క పరమాణువంత చోట దాగియున్న యొక చిన్న వ్రాతను వారు చదువగోరిరి. చదివిన వెంటనే యది చెఱిగిపోవుచుండెను. చెఱిగిపోకుండ చదువు నుపాయములు 2010వ సంవత్సరమునుండి యొక్కటొక్కటిగా దొరకినవి. వానిని మీకు విన్నవించుటయే నా యుద్దేశము.

మొదట మన నేలను గూర్చి రెండు మాటలు. పదునెనిమిదవ శతాబ్దమున బ్రెజిలు గనులు బయటపడువఱకు, బోర్నియో ద్వీపమున దొరకిన కొన్ని తప్ప, లోకమునకు మన దేశపు వజ్రములే దిక్కు. 1652వ సంవత్సరమున ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే కడప సీమలోని గండికోటకు వచ్చి, అప్పటికి గోలకొండ సుల్తానునకు మంత్రియైయున్న మీర్ జుమ్లాను దర్శించెను. కడపకు చేరువను పెన్న యొడ్డుననున్న చెన్నూరులోను, ఇప్పుడు నంద్యాల జిల్లాలో చేరిన బనగానపల్లె కడను పూర్వులు వజ్రములకై త్రవ్విరి. బనగానపల్లె గనులలో గులకరాళ్ళు అతికికొని గట్టిపడిన బండపొరను వెంబడించుచు, కూర్చుండి తప్ప పనిచేయరాని సొరంగములలో దూరి, బండను పగులగొట్టి, నలియగొట్టి, కడిగి, చేతులతో వెదకెడివారు. 1872లో విలియం కింగ్ అను భూగర్భశాస్త్రజ్ఞుడు ఈ శిలలను గూర్చి పెద్ద గ్రంథము వ్రాసెను. వానికి కడప శిలలు, కర్నూలు శిలలు అను పేర్లే నేటికిని శాస్త్రమున చెల్లుచున్నవి. అనంతపురము వైపున వజ్రకరూరు కడ వజ్రములను పైకి తెచ్చిన కింబర్లైటు శిల, సుమారు 110 కోట్ల సంవత్సరముల నాడు, నూటయేబది కిలోమీటర్లకు మించిన లోతునుండి ఎగదన్నుకొని వచ్చినది. ఆ వయస్సు ముందు మన చరిత్రలన్నియు నిన్నటివే.

పూర్వము వజ్రపరీక్షకు సమ్మెటను వాడినవారు కలరు. నిజమైన వజ్రమును దాగలిపై పెట్టి కొట్టినను పగులదనియు, పగిలినది వజ్రమే కాదనియు నొక నమ్మిక యుండెను. రోముదేశపు ప్లినీ క్రీస్తుశకము మొదటి శతాబ్దముననే దీనిని గ్రంథస్థము చేసెను. గీతకు లొంగకుండుట వేఱు, దెబ్బకు తట్టుకొనుట వేఱు అను వివేకము వారికి లేకపోయెను. వజ్రము తక్కిన రాళ్ళనెల్ల గీయును. దానిని గీయుటకు వజ్రమే కావలయును. అయినను దానిలో నాలుగు వాలుల చీలు తలములు కలవు. ఆ వాలున దెబ్బ తగిలినచో ఎండుకట్టె చీలినట్లు చీలిపోవును. ఈ పరీక్షపాలై యెన్ని మంచిరాళ్ళు పొడియైనవో లెక్క చెప్పువాడు లేడు. సమ్మెట పడిన తరువాత తెలియవచ్చిన సంగతి యేదైనను, దానిని వినియోగించుకొనుటకు రాయి మిగులలేదు.

పరీక్షలన్నియు నిట్టివి కావు. అన్నముడికినదో లేదో తెలియుటకు ఒక మెతుకు పట్టి చూతుము. ఆ మెతుకు నలుగును గాని కుండెడన్నము నిలిచియుండును. కుమ్మరియింట కుండను వ్రేలితో కొట్టి చప్పుడు విందుము. కుండకు నష్టము లేదు. వేరుసెనగకాయను చెవికడ ఆడించినచో గింజ గలగలలాడును. కాయ నొలువకయే లోపల గింజ యున్నదనియు, అది యెండినదనియు తెలియును. మరల ఆడించినను అదే చప్పుడు. ఈ కుండ పద్ధతి, కాయ పద్ధతి వజ్రములోని యొక్క పరమాణువు విషయమున కుదురునా యనునదే ప్రశ్న. మెతుకు పద్ధతి యచ్చట సాగదు. అచ్చట నున్నది మెతుకొక్కటే, కుండ లేదు.

వజ్రము శుద్ధమైన బొగ్గే యని మీరు వినియుందురు. కర్బన పరమాణువు లొక్కొక్కటి తన చుట్టునున్న నాలుగింటి చేతులు పట్టుకొని లెక్కతప్పని వరుసలలో నిలిచిన కట్టడమది. కాని లోకములో పూర్తిగ శుద్ధమైన దేదియు లేదు. మనము పీల్చు గాలిలో అయిదింట నాలుగుపాళ్ళకు చేరువగ నున్న నత్రజని యను వాయువు కలదు. దాని పరమాణువులు కొన్ని వజ్రము పుట్టునప్పుడు కట్టడములో చొరబడును. 1934లో ఇంగ్లండున రాబర్ట్‌సన్, ఫాక్స్, మార్టిన్ అను మువ్వురు వజ్రములు రెండు జాతులుగ నున్నవని చూపిరి. ఆ భేదమునకు నత్రజనియే కారణమని పిమ్మట తేలినది. గోలకొండ రాళ్ళని పేరుపడినవానిలో మేలైనవి నత్రజని దాదాపు లేని జాతివి. కోహినూరు ఆ జాతిలోనిదే.

వజ్రముపై వెలుగును ప్రసరింపజేసి దాని గుట్టు తెలిసికొనుట మన దక్షిణదేశమువారికి క్రొత్త విద్య కాదు. సర్ చంద్రశేఖర వేంకట రామన్ బెంగుళూరున వందలకొలది వజ్రములను సేకరించి, అవి వెలుగు తీరును పెక్కు సంవత్సరములు పరిశోధించెను. ఆయన శిష్యుడైన సూరి భగవంతము 1909లో కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో జన్మించినవాడు. వాల్తేరులోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తున ఆచార్యుడుగ నుండి, భీమసేనాచారితో కలిసి, చెవికి వినరాని శబ్దతరంగములను వజ్రములోనికి పంపి దాని బిగువును కొలిచెను. ఆ ఫలితములు 1946లో లండను రాయల్ సొసైటీ పత్రికలో వెలువడినవి. శబ్దము పోయి వచ్చెను, రాయి చెక్కుచెదరలేదు. కుండను వ్రేలితో కొట్టి చూచుట యెంత దూరము పోగలదో చూచితిరా!

ఇక అసలు సంగతి. వజ్రపు కట్టడములో నొకచోట కర్బనమునకు మాఱుగ నత్రజని పరమాణువు కూర్చుండి, దాని ప్రక్కస్థానము ఖాళీగ నుండుట కలదు. పంక్తిభోజనమున నొక విస్తరిముందు పొరుగూరివాడు కూర్చుండగా, ప్రక్క విస్తరిముందు ఎవరును లేకున్నట్లు. నత్రజనియు ఖాళీయు గలిసిన ఈ జంటయే మన కథకు నాయకుడు. తక్కిన నత్రజని మిక్కిలి తక్కువగ నుండి ఈ జంటలు మాత్రము తగినన్ని యున్న రాయి లేతగులాబి వన్నెతో నుండును. అట్టివి బహు అరుదు. రత్నపరీక్షకులు వానిని ‘గోలకొండ గులాబి’ రాళ్ళని పిలుచుట కలదు. మన పూర్వులు వన్నె చూచి మురిసిన రాళ్ళలో కొన్నిటి యందము ఈ లోపమువలననే కలిగినదన్నమాట.

ఆ ఖాళీచోట కొన్ని ఎలక్ట్రాన్లు చిక్కుకొనియుండును. ఎలక్ట్రానుకు విద్యుత్తు గాక మఱియొక గుణము కలదు: అది మిక్కిలి చిన్న సూదంటురాయివలె ప్రవర్తించును. ఈ గుణమునకు స్పిన్ అని పేరు. 1925లో ఊలెన్‌బెక్, గౌడ్‌స్మిట్ అను ఇద్దరు డచ్చి యువకులు ఈ భావమును ప్రతిపాదించిరి. దీనిని బొంగరముతో పోల్చుట వాడుక. కాని బొంగరము ఏ వాలుననైనను తిరుగగలదు. దీనిని అడిగి చూచినప్పుడు వ్రేళ్ళపై లెక్కింపదగిన నిలుకడలే కనబడును. మన జంటకు అట్టి నిలుకడలు మూడు. వానిని సున్న, ధనము, ఋణము అందము. సున్నకును తక్కిన రెంటికిని నడుమ నున్న యెడము, సెకనుకు 287 కోట్ల కంపనములు గల సూక్ష్మతరంగమునకు సరిపోవును. అట్టి తరంగమును తగినంత కాలము సోకించినచో సున్న మఱియొక నిలుకడగ మాఱును. అందులో సగము కాలమే సోకించినచో రెంటికిని చెందిన జమిలిస్థితిలో నిలుచును. ఈ నిలుకడనే నేను వ్రాత యంటిని. వజ్రము గట్టి కట్టడ మగుటచేత మామూలు గదివేడిమిలో గూడ ఈ వ్రాత చెదరక కొంత సేపుండును. శుద్ధిచేసిన కర్బనముతో పెంచిన వజ్రములో నది సెకనులో వెయ్యవవంతునకు మించి నిలిచినట్లు 2009లో ప్రకటించిరి. మనకది రెప్పపాటైనను కాదు. పరమాణువుల లోకమున నదియొక యుగము.

ఈ వ్రాతను చదువు మామూలు పద్ధతి యిది. ఆకుపచ్చని లేసరు కాంతిని జంటపై పడవేయుదురు. జంట దానిని మ్రింగి ఎఱ్ఱని కాంతిని వెలిగ్రక్కును. సున్న నిలుకడలో నున్నచో ఎక్కువగ వెలుగును. ధనముననో ఋణముననో యున్నచో, నడుమ నొక చీకటిత్రోవ పట్టిపోవుటచేత, సుమారు మూడవవంతు తక్కువగ వెలుగును. వెలుగు హెచ్చో తగ్గో చూచి వ్రాతను గుర్తింతురు. 1997లో జర్మనీ దేశమున ఒకే యొక జంటను ఈ విధముగ వేఱుపఱచి చూడగలిగిరి. అంతకుముందు కోట్లకొలది జంటల మూకుమ్మడి మాటయే విన్నవారు, అది మొదలు ఒక్కొక్కదాని మాట వినగలిగిరి.

చిక్కు ఇచ్చటనే యున్నది. చీకటిత్రోవన పోయినది తిరిగివచ్చునప్పుడు ఎక్కువపాలు ధనముగనో ఋణముగనో రాదు, సున్నయై వచ్చును. సెకనులో సుమారు ముప్పది లక్షలవ వంతు గడచునప్పటికే వ్రాత చెఱిగిపోవ మొదలిడును. ఆ కాలములో మన పరికరమునకు చిక్కు కాంతికణములు సగటున ఒకటికన్న తక్కువ. కాబట్టి ఒక్కమాఱు అడిగి జవాబు పొందుట కల్ల. మరల మొదటినుండి వ్రాసి, మరల అడిగి, ఇట్లు వేలసార్లు లక్షలసార్లు చేసి సగటు తీయవలసియుండెను.

గ్రామములలో తగవులు తీర్చిన పెద్దలు మీలో ననేకు లుందురు. పిఱికి సాక్షిని మీరు చూడకపోలేదు. మొదటి మాటలో నిజముండును. గట్టిగ నింకొకటి యడుగునప్పటికి ‘తమరు చెప్పినట్లే’ యనును. అటుపిమ్మట వానిని ఉదయమునుండి సాయంకాలమువఱకు ప్రశ్నించినను వచ్చునది అడిగినవారి మాటయే గాని వాడు చూచినది కాదు. మన జంటలోని ఎలక్ట్రాను అట్టి సాక్షి. మొదటి క్షణమున నిజము పలుకును. పిమ్మట ఎవరేమడిగినను సున్న యనును.

ఇందువలన వచ్చిన నష్టమేమందురా? ఈ నిలుకడలనే అంకెలుగ పెట్టుకొని లెక్కలు చేయు యంత్రములను నిర్మింప బూనినవారు కలరు. అట్టి యంత్రమున లెక్క నడుమ నొక అంకెను చూచి, తప్పున్నచో దిద్ది, ముందుకు సాగవలసిన యవసర మడుగడుగున వచ్చును. కరణము లెక్కపుస్తకమును తెఱచినప్పుడెల్ల అందలి అంకెలు సున్నలగునేని శిస్తు వసూలెట్లు సాగును? కొందరు రైతులకు సంతోషము కలుగవచ్చును గాని లెక్క మాత్రము నడువదు.

అమెరికా పడమటి తీరమున, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమునకు చెందిన సాంటా బార్బరా శాఖలో, డేవిడ్ ఆషలోమ్ ఆచార్యుని బృందమువారు 2010లో ‘సైన్స్’ పత్రికయందొక యుపాయమును ప్రకటించిరి. వారు ప్రశ్న వేయుటకై జంటచేత కాంతిని మ్రింగించుట మానిరి. అతిశీతలములో నుంచిన జంట మ్రింగు కాంతికి నిర్ణీతమైన వర్ణము కలదు. దాని తరంగము పొడవు 637 నానోమీటర్లు, అనగా మీటరును నూఱుకోట్ల పాళ్ళు చేసిన అందు 637 పాళ్ళు. లేసరు వర్ణమును దానికి కొంచెము ఎడముగ నుంచినచో జంట దానిని మ్రింగదు, కాంతి సాగిపోవును. కాని సాగిపోవునప్పుడు ఆ కాంతి కంపించు తలము ఇసుమంత ప్రక్కకు తిరుగును. ఎంత తిరుగునది జంట నిలుకడనుబట్టి యుండును. సూదంటురాయి ప్రభావమునకు లోనైన గాజులో కాంతితలము తిరుగునని మైకేల్ ఫారడే 1845లోనే కనిపెట్టియుండెను. ఆయన చేతిలోనిది దళసరి గాజుముక్క. వీరి చేతిలో నున్నది ఒకే యొక స్పిన్. ఫారడే చూచినదానిని వజ్రములోని యొక్క స్పిన్‌తో చూపగలుగుటకు 165 సంవత్సరములు పట్టెను.

కాంతిమీద స్పిన్ గుఱుతు పడినది సరే, స్పిన్‌మీద కాంతి గుఱుతు పడదా? పడును. సాగిపోవు కాంతి స్పిన్‌ను కొంచెము త్రిప్పును. ఇచ్చిపుచ్చుకొనుట లేక ప్రకృతి యే వార్తయు చెప్పదు. అయితే ఈ త్రిప్పుట, వ్రాతను సున్నగ తుడిచివేయుట వంటిది కాదు. లెక్కకు అందునది, మన యధీనమున నుండునది. అందుచేత ఆ బృందమువారు అదే కాంతిని స్పిన్‌ను కావలసినట్లు త్రిప్పుటకును వాడి చూపిరి. చదువు సాధనమే వ్రాయు సాధనమైనది.

అదే సంవత్సరమున జర్మనీలోని స్టుట్‌గార్ట్ నగరమున యోర్గ్ వ్రాఖ్‌ట్రుప్ ఆచార్యుని బృందము మఱియొక త్రోవ త్రొక్కెను. నా మట్టుకు నాకు ఇదియే యెక్కువ ముచ్చటైనది. జంటలోని నత్రజని పరమాణువు నడుమ కేంద్రక మొకటి యున్నది గదా; దానికిని స్పిన్ కలదు. దాని సూదంటుగుణము ఎలక్ట్రానుదానిలో వేలవ వంతైనను లేదు. అందుచేతనే బయటి లేసరు హడావిడి దానికి అంతగా పట్టదు. పూర్వము ఘోషాలో నుండు దొడ్డయిల్లాలి సాక్ష్యము కావలసివచ్చినప్పుడు ఆమె సభకు రాదు. నమ్మకమైన మనిషి లోపలికి పోయి అడిగి వచ్చును. స్టుట్‌గార్ట్ వారు ఎలక్ట్రానును అట్టి మధ్యవర్తిగ పంపిరి. కేంద్రక మొకానొక నిలుకడలో నున్నప్పుడే ఎలక్ట్రానును మార్చగల సూక్ష్మతరంగమును ఎంచి సోకించిరి. ఎలక్ట్రాను మాఱినచో లోపలి జవాబొకటి, మాఱకున్నచో మఱియొకటి. పిమ్మట ఆకుపచ్చ కాంతితో ఎలక్ట్రానును ప్రశ్నించిరి. అది యథాప్రకారము బెదరి సున్నయై కూర్చుండెను. పోనిండు! లోపల నున్న యిల్లాలు తన మాటమీదనే యున్నది. మధ్యవర్తిని మరల పంపవచ్చును. ఇట్లు సెకనులో వెయ్యవవంతులు కొన్ని గడచులోగా వేలమాఱులు పంపి, వచ్చిన కాంతికణములను కూడిరి. మరల వ్రాయనక్కర లేకయే జవాబు స్పష్టమైనది. మధ్యవర్తి రాకపోకల వలన లోపలివారి మనసు కలగకుండుటకై బలమైన అయస్కాంత క్షేత్రమును గూడ ఏర్పాటుచేసిరి.

ఈ పరీక్ష మామూలు గదివేడిమిలో జరిగినది. వారు కేంద్రకమును ఎడతెగక చూచుచుండగా వెలుగు కొంతసేపు ఒకే మట్టమున నిలిచి, ఉన్నట్టుండి క్రిందికి దిగి, అచ్చట కొంతసేపు నిలిచి, మరల పైకి లేచెను. కేంద్రకము ఒక నిలుకడనుండి మఱియొకదానికి దూకుటయే యది. నడుమ మెట్లు లేవు. ఇట్టి దూకులను ఒక్క కేంద్రకమునందు కన్నులార చూచినట్లు పటముపై గీతగా చూడగలుగుట గొప్ప సంగతి.

ఇచ్చట నొక హెచ్చరిక. చెఱుపక యను మాటను శక్తికి మించి లాగరాదు. వేరుసెనగకాయలో గింజ మన మాడింపక ముందే యున్నది. జమిలిస్థితిలో నున్న స్పిన్ విషయమున నట్లు చెప్పుటకు వీలులేదు. దానిని అడిగినప్పుడు ఏదో యొక నిలుకడగ తేలును. ముందున్న జమిలితనము పోవును. దీనిని తప్పించు పరికరము లేదు, రాబోదు. ఇది ప్రకృతి నియమము. నిలుచున దేమనగా, ఒకమాఱు వచ్చిన జవాబు. రెండవసారి అడిగినను, మూడవసారి అడిగినను అదే వచ్చును. సాక్షి మాట మార్చడు. మాస్కో నగరపు వ్లదీమిర్ బ్రాగిన్‌స్కీ 1970 తరువాతి యేండ్లలో ఈ భావమును పెంచినవారిలో ముఖ్యుడు. ఆయన లక్ష్యము వజ్రము కాదు. ఆకాశమునుండి వచ్చు గురుత్వాకర్షణ తరంగములను పట్టుకొను భారీ పరికరములు. అంత పెద్ద పనికై పుట్టిన యాలోచన ఇంత చిన్న చోట ఫలించుట విద్యలలో తఱచుగ జరుగునదే.

2011లో హాలెండులోని డెల్ఫ్‌ట్ నగరమువారు వజ్రమును అతిశీతలము చేసి, ఒక నిలుకడకు మాత్రమే సరిపోవు వర్ణమును ఖచ్చితముగ నెంచి, ఎలక్ట్రానునే ఒక్క ప్రశ్నతో చదువగలిగిరి. తక్కిన నిలుకడలు ఆ కాంతికి చీకటిగనే యుండును గనుక వానికి బెదరులేదు. అదే నగరమున 2015లో, సుమారు 1.3 కిలోమీటర్ల యెడములో రెండు వజ్రములను ఉంచి, వానిలోని స్పిన్‌లకు నడుమ నున్న పొత్తును పరీక్షించిరి. 1935లో ఐన్‌స్టయిన్ లేవనెత్తిన సందేహమునకు ఆ రెండు రాళ్ళు ఆయన ఆశింపని జవాబే చెప్పినవి. త్వరగ, తప్పక చదువు నేర్పు లేనిదే ఆ పరీక్ష జరుగకపోయెడిది.

ఇక దీని వినియోగము. లెక్కల యంత్రములకంటె ముందుగ చేతికి వచ్చునది కొలత. అయస్కాంత క్షేత్రము ఒక గాస్ మారినచో, జంట యిరుసు వెంబడి సోకినప్పుడు, దాని కంపనసంఖ్య 28 లక్షలు జరుగును. మన ప్రాంతమున భూమి క్షేత్రము సుమారు 0.4 గాస్, అదియే పదునొకండు లక్షల కంపనముల మేర జరుపగలదు. అంతకంటె ఎన్నో మడుగులు చిన్నవైన క్షేత్రములను గూడ ఇది పసికట్టును. నరములలో వార్త పరుగెత్తునప్పుడు పుట్టు స్వల్పక్షేత్రములను, ఒక్క మాంసకృత్తు అణువులోని కేంద్రకముల క్షేత్రమును వజ్రముతో గుర్తించిన ప్రయోగములు ఇప్పటికే జరిగినవి. మన దేశమున 2023 ఏప్రిలులో కేంద్ర మంత్రివర్గము 6,003.65 కోట్ల రూపాయలతో జాతీయ క్వాంటం సంకల్పమును ఆమోదించెను. అందు కొలతల విభాగమునకు బొంబాయి ఐఐటి కేంద్రము. 2025నుండి మన రాష్ట్రమున అమరావతి క్వాంటం వ్యాలీని గూర్చి పత్రికలలో చదువుచున్నారు. అందు ఐబిఎం కంపెనీ పేరుతో ప్రకటింపబడిన యంత్రము వజ్రముతో పనిచేయునది కాదు, అతిశీతలముననుంచిన లోహపు తీగెలతో పనిచేయునది. రెంటిని కలిపి చెప్పువారు కలరు గనుక ఈ మాట యనవలసివచ్చినది.

ఇంతకంటె ముఖ్యముగ నొక మాట. ఈ ప్రయోగములలో వాడుక పడునవి ఎక్కువగ చేలలో దొరకిన రాళ్ళు కావు. మీథేను అను వాయువును మహోష్ణమున విడగొట్టి, పలుచని పొరలుగ కర్బనమును పేర్చి, నత్రజనిని కొలిచి కలిపి పెంచినవి. ప్రకృతిలో పుట్టిన రాతియందు నత్రజని యెంత, ఎచ్చట నున్నదో ఎవరి చేతిలోను లేదు. కాబట్టి ‘ఈ రాయి క్వాంటం యంత్రమునకు పోవును’ అని యెవరైన చెప్పి మీ పిల్లలను వానలో చేలవెంట త్రిప్పినను, విత్తనాల సొమ్ము దానిలో పెట్టించినను వినకుడు. చేలలో దొరకిన రాయి నగలవర్తకుని రాయియే. దాని విలువ దాని పరిమాణమును, వన్నెను, నిర్మలత్వమునుబట్టి యుండును.

ఆ విలువ తెలిసికొనుటకు మాత్రము రాతిని చెఱుపని పరీక్షలు నేడు చౌకగనే దొరకుచున్నవి. అతినీలలోహిత కాంతి దీపము క్రింద పెట్టినచో పెక్కు వజ్రములు నీలివన్నెతో వెలుగును. కొన్ని వెలుగనే వెలుగవు. నారింజ వన్నెకో ఎఱుపునకో తిరిగి వెలిగినచో లోపల మనము చెప్పుకొనిన జంటలుండవచ్చును. కెంపులును ఎఱ్ఱగ వెలుగును గనుక వెలుగొక్కదానినే నమ్మరాదు. వజ్రము వేడిమిని రాగికంటె అయిదింతలు చురుకుగ కొనిపోవును. దానినిబట్టి, సూదిమొన మోపి గుర్తించు చిన్న పరికరము వర్తకుల కడ నుండును. మాయిసనైటు అను కృత్రిమపు రాయి దానిని మోసగింపగలదు గాని గాజుగాని, పలుగురాయిగాని మోసగింపజాలవు. రాయి అమ్మువాడు ఆ సూదిని తన కన్నులయెదుట మోపి చూపుమని వర్తకుని అడుగవచ్చును. అందుకు అర నిమిషము చాలును.